తొమ్మిదో గ్రహాన్ని ఇంటి నుంచే వెతకడం ఎలా?

నెప్ట్యూన్‌కు అవతల మరో పెద్ద గ్రహం ఉందా లేదా అన్నది ఇంకా తేలలేదు. వెతికేవాళ్లలో హవాయి కొండల మీద భారీ టెలిస్కోపులు నడిపే శాస్త్రవేత్తలున్నారు. ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగ విరమణ చేసినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లతో చేరడానికి మీకు టెలిస్కోపు అక్కర్లేదు. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్, రోజుకు అరగంట తీరిక, ఒకే చిత్రాన్ని మళ్లీ మళ్లీ చూడగల ఓపిక ఉంటే చాలు. ఫోనులోనూ చేయవచ్చు గానీ, చిన్న తెర మీద చూడవలసిన చుక్కే కంటికి ఆనదు. వీలైనంతవరకు కంప్యూటరే వాడండి.

ఉత్సాహంగా వెబ్‌సైటు తెరిచి, పది చిత్రాలు చూసి, ఏమీ అర్థం కాక వదిలేసేవాళ్లు చాలామంది. మీరలా చేయకండి. ఏం వెతుకుతున్నారో, అది ఆకాశంలో ఎలా కదులుతుందో ముందు తెలుసుకుని, ఆ తర్వాత చిత్రాల దగ్గరికి వెళ్లండి. రెండు సాయంత్రాలు దీనికి కేటాయిస్తే తర్వాతి పనంతా తేలికవుతుంది.

మొదట, దేని కోసం వెతుకుతున్నారో తెలుసుకోండి

2016 జనవరిలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రవేత్తలు కాన్‌స్టాంటిన్ బాటిగిన్, మైక్ బ్రౌన్ ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. నెప్ట్యూన్‌కు చాలా అవతల తిరిగే కొన్ని చిన్న శకలాల కక్ష్యలు ఒకే దిక్కుకు సాగి, ఇంచుమించు ఒకే వాలులో ఉన్నాయని వాళ్లు గమనించారు. కంటికి కనబడని ఒక భారీ గ్రహం తన ఆకర్షణతో వాటిని అలా పట్టి ఉంచుతోందని ప్రతిపాదించారు. ఆ శకలాల్లో 2003లో దొరికిన సెడ్నా ఒకటి. అది సూర్యుడికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా భూమి కన్నా 76 రెట్లు దూరంలో ఉంటుంది. సూర్యుణ్ని ఒకసారి చుట్టి రావడానికి దానికి దాదాపు 11 వేల ఏళ్లు పడుతుంది. ఇక్కడి నుంచి భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరాన్ని, అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్లను, ఒక ‘ఖగోళ ప్రమాణం’ అంటాను.

అదే ఇద్దరు 2021లో వేసిన అంచనా ప్రకారం ఆ గ్రహం బరువు భూమికి ఆరు రెట్లు, సూర్యుడి నుంచి సగటు దూరం సుమారు 380 ఖగోళ ప్రమాణాలు. ఇది లెక్కల్లో ఉన్న గ్రహం మాత్రమే. కెనడా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఆధ్వర్యం వహించిన ఆసోస్ సర్వే బృందం మరో మాట చెప్పింది. టెలిస్కోపులు ఆకాశంలో కొన్ని వైపులనే ఎక్కువగా చూశాయి కాబట్టి అటువైపు కక్ష్యలే ఎక్కువగా దొరికి ఉండవచ్చంది. 2025 జులైలో ప్రకటించిన 2023 కేక్యూ14 అనే శకలం కక్ష్య, మిగతావాటికి ఎదురు దిక్కులో ఉంది. అది తొమ్మిదో గ్రహం వాదనకు కొత్త చిక్కు తెచ్చింది. మరోవైపు బ్రౌన్ బృందం మూడు పెద్ద సర్వేల చిత్రాలను జల్లెడ పట్టి, ఆ గ్రహం ఉండగల అవకాశాల్లో 78 శాతాన్ని 2024 నాటికి కొట్టివేసింది. మీరు దిగబోయేది మిగిలిన భాగంలోకి.

గతంలోనూ ఇలాంటి ఆశ ఒకటి కరిగిపోయింది. యురేనస్ కదలికలో లెక్కకు అందని తేడాలున్నాయని, వాటికి ‘ప్లానెట్ ఎక్స్’ అని పేరుపెట్టిన, కంటబడని గ్రహం కారణమని దశాబ్దాల పాటు నమ్మారు. 1989లో వాయేజర్-2 అంతరిక్ష నౌక నెప్ట్యూన్ పక్కనుంచి వెళ్లి దాని బరువును సరిగ్గా కొలిచింది. ఆ కొత్త బరువుతో మైల్స్ స్టాండిష్ అనే శాస్త్రవేత్త 1993లో లెక్క తిరగేస్తే తేడాలే మాయమయ్యాయి. అందుకే ‘ఉంది’ అన్న నమ్మకంతో కాక, ‘ఉంటే కనిపెడదాం, లేకపోతే లేదని తేలుద్దాం’ అన్న మనసుతో కూర్చోండి. ఏమీ లేని చిత్రాన్ని చూసి ‘ఏమీ లేదు’ అని గుర్తించడం కూడా అసలైన పనే. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకున్నవాళ్లే ఇందులో నిలబడతారు.

రెండో పని: కదలికను చదవడం

దూరాన ఉన్న గ్రహానికీ నక్షత్రానికీ చూపులో తేడా ఉండదు. రెండూ చుక్కలే. పట్టిచ్చేది కదలిక ఒక్కటే. పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకు గ్రహాల వక్రగతి తెలుసు. కుజుడో శనో కొన్నాళ్లు వెనక్కి నడిచినట్లు కనిపిస్తాడు. నిజానికి కదిలేది మనం. వేగంగా తిరిగే భూమి ఆ గ్రహాన్ని దాటిపోతుంటే అది వెనకబడినట్లు అగుపిస్తుంది. గ్రహం ఎంత దూరంలో ఉంటే ఈ వెనకడుగు అంత చిన్నది.

దీన్ని కొలవడానికి ఆర్క్‌సెకను వాడతారు. డిగ్రీలో 3600వ వంతును ఆర్క్‌సెకను అంటారు. చంద్రబింబం వెడల్పు సుమారు 1800 ఆర్క్‌సెకన్లు. ఒక వస్తువు ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు దాని కదలిక ఇలా ఉంటుంది: కుజ, గురు గ్రహాల మధ్య తిరిగే గ్రహశకలమైతే గంటకు సుమారు 30 ఆర్క్‌సెకన్లు, ప్లూటో ప్రాంతంలోనిదైతే గంటకు 3, 500 ఖగోళ ప్రమాణాల దూరంలోని గ్రహమైతే గంటకు 0.3. ముప్పై, మూడు, సున్నా పాయింట్ మూడు. ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి తెర పక్కన అంటించుకోండి.

క్లైడ్ టాంబా ప్లూటోను పట్టుకున్నది ఈ కిటుకుతోనే. కాన్సాస్ రైతు కుటుంబం నుంచి వచ్చిన ఆ యువకుడు అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీలో పనిచేస్తూ, సూర్యుడికి ఎదురుగా ఉన్న ఆకాశ భాగాన్నే ఎంచుకుని గాజు పలకల మీద ఫొటోలు తీసేవాడు. అక్కడైతే వెనకడుగు ఎంతుందో చూసి దూరాన్ని వెంటనే అంచనా వేయవచ్చు. 1930 జనవరి 23న, 29న మిథున రాశిలో తీసిన రెండు పలకలను ఒక యంత్రంలో పెట్టి, ఫిబ్రవరి 18న మార్చి మార్చి చూస్తుంటే ఒక చిన్న చుక్క మూడున్నర మిల్లీమీటర్లు ఎగిరి దూకింది. అతను అంతటితో సంబరపడలేదు. జనవరి 21న తీసి, సరిగ్గా రాలేదని పక్కన పెట్టిన మూడో పలకను వెతికి తీశాడు. చుక్క ఉండవలసిన చోట అందులోనూ ఉంది. రెండు చిత్రాల్లో కనిపించినదాన్ని మూడోదానిలో సరిచూసుకోకుండా నమ్మకూడదన్న నియమం మీరూ పెట్టుకోండి.

మూడో పని: కంటికి సాధన

ఇంట్లో 50 మిల్లీమీటర్ల బైనాక్యులర్ ఉంటే యురేనస్‌తో మొదలుపెట్టండి. ఇప్పుడది వృషభ రాశిలో ఉంది. ఇంకొన్నేళ్లు అక్కడే ఉంటుంది. స్టెల్లేరియం లాంటి ఉచిత ఆకాశపటంలో దాని చోటు చూసుకుని, నగరపు దీపాలకు దూరంగా వెళ్లి, ఆ చుట్టుపక్కల నక్షత్రాలను కాగితం మీద చుక్కలుగా పెట్టండి. పది రోజులాగి మళ్లీ అదే బొమ్మ గీయండి. సూర్యుడికి ఎదురుగా ఉన్న రోజుల్లో, అంటే నవంబరు, డిసెంబరు నెలల్లో, పది రోజుల్లో అది చంద్రబింబం వెడల్పుకు కాస్త తక్కువగా జరుగుతుంది. చేత్తో గీసిన రెండు కాగితాల మధ్య ఒక చుక్క మాత్రమే చోటు మారిందని గమనించినప్పుడు ఈ వెతుకులాట అంతా ఏమిటో మీకే తెలిసివస్తుంది.

బైనాక్యులర్ లేకపోయినా ఫరవాలేదు, ఈ రెండో సాధన మాత్రం తప్పనిసరి. ‘వైజ్‌వ్యూ’ అనే ఉచిత వెబ్ పనిముట్టు ఒకటుంది. డాన్ కాసెల్డెన్ అనే స్వచ్ఛంద పరిశోధకుడు మరికొందరితో కలిసి దాన్ని తయారుచేశారు. నాసా వారి వైజ్ అంతరిక్ష టెలిస్కోపు 2010 నుంచి తీసిన పరారుణ చిత్రాలను అది సినిమాలా వరుసగా ఆడిస్తుంది. నిర్దేశాంకాల (ఆకాశంలో ఒక చోటును చెప్పే రెండు అంకెల) పెట్టెలో 133.79 -7.245 అని టైపు చేయండి.

కాసేపు తెర నిండా కదలని చుక్కలే కనిపిస్తాయి. తొందరపడకండి. మధ్య ప్రాంతంలో ఒక నారింజ రంగు చుక్క కుడివైపుకు అడుగులేస్తూ పోవడం చూస్తారు. అది 2014లో కెవిన్ లూమన్ కనుగొన్న వైజ్ 0855 అనే బ్రౌన్ డ్వార్ఫ్. నక్షత్రంగా వెలిగేందుకు చాలినంత బరువు లేక, గ్రహంలా చల్లగా మిగిలిపోయిన వస్తువు. మన నుంచి దాదాపు ఏడున్నర కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఏడాదికి 8 ఆర్క్‌సెకన్లు కదులుతుంది. సినిమా నడుస్తుండగా ఒకచోట అది ఉన్నట్టుండి పెద్ద అంగ వేస్తుంది. మీ కన్ను పొరబడలేదు. 2011 ఫిబ్రవరి నుంచి 2013 డిసెంబరు దాకా ఆ టెలిస్కోపును నిద్రపుచ్చారు, ఆ మధ్యకాలపు చిత్రాలు లేవు. నారింజ రంగుకూ కారణముంది. ఇలాంటి చల్లని వస్తువులు 3.4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగాల కన్నా 4.6 మైక్రాన్ల దగ్గర ఎక్కువ కాంతినిస్తాయి. తెర మీద ఆ రెండోదానికి నారింజ రంగు కేటాయించారు. వేడి నక్షత్రాలు నీలంగానో తెల్లగానో ఉంటాయి.

ఇక్కడ ఆగి ఒక సంగతి ఆలోచించండి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది దీని దగ్గరే. ఏడాదికేడాది మెల్లగా, ఒకే దారిలో జరిగే చుక్క మన సౌరకుటుంబానిది కాదు. అది బయటి నక్షత్రమో బ్రౌన్ డ్వార్ఫో. వైజ్ ఆకాశంలోని ప్రతి భాగాన్నీ ఆరు నెలలకోసారి చూసింది. ఆరు నెలల్లో భూమి సూర్యుడికి ఆ పక్క నుంచి ఈ పక్కకు వచ్చేస్తుంది. బొటనవేలిని ముఖానికి ఎదురుగా పెట్టి ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూస్తే వేలు అటూ ఇటూ గెంతినట్లే, 500 ఖగోళ ప్రమాణాల దూరంలోని గ్రహం ఒక్కో ఆరు నెలలకు చంద్రబింబంలో దాదాపు సగం మేర ముందుకొకసారి, వెనక్కొకసారి గెంతుతుంది. కాబట్టి తొమ్మిదో గ్రహం మీకు కనిపిస్తే బుద్ధిగా నడిచే చుక్కలా కనిపించదు. ఒక చిత్రంలో ఉండి తర్వాతి చిత్రంలో అక్కడ లేకుండా పోయే చుక్కలా, లేదా ఎక్కడో తేలే చుక్కలా కనిపిస్తుంది.

నాలుగో పని: అసలు వెతుకులాట

మామూలు జనం శాస్త్ర పరిశోధనలో పాలుపంచుకునే జూనివర్స్ వెబ్‌సైటుకు వెళ్లి ‘బ్యాక్‌యార్డ్ వరల్డ్స్: ప్లానెట్ నైన్’ ప్రాజెక్టు తెరవండి. నాసా మద్దతుతో 2017 ఫిబ్రవరిలో మొదలైంది. ఉచితం. ఖాతా లేకుండానే చిత్రాలు చూడవచ్చు గానీ, ఖాతా తెరవండి. మీరు గుర్తించినది నిజమైతే మీ పేరు దానికి తోడుగా రావాలంటే అది అవసరం.

ముందు పాఠం, తర్వాత ‘ఫీల్డ్ గైడ్’ పూర్తిగా చదవండి. పేజీలో వరుసగా ఆడే కొన్ని చిత్రాలు కనిపిస్తాయి. కదలని నక్షత్రాలను కంప్యూటర్ వీలైనంత తీసేసి ఉంటుంది కాబట్టి, మిగిలింది గీతలూ మచ్చలతో గజిబిజిగా అనిపిస్తుంది. మీరు వెతకవలసినవి రెండు: చిత్రం నుంచి చిత్రానికి చోటు మార్చే చుక్క, సగం నలుపు సగం తెలుపుగా జంటలా కనిపించే మచ్చ. రెండోది చాలా కొద్దిగా కదిలిన నక్షత్రం మిగిల్చిన జాడ.

మోసం చేసేవి మాత్రం చాలా ఉన్నాయి. కాంతిమంతమైన నక్షత్రం చుట్టూ సాగే ముళ్లలాంటి గీతలు ప్రతి చిత్రంలో కాస్త తిరుగుతాయి. కటకాల్లో కాంతి పరావర్తనం చెంది పుట్టే గుండ్రని దయ్యపు మచ్చలు వచ్చి పోతుంటాయి. వెలుగు మారే నక్షత్రం ఉన్నచోటే మిణుకుతుంది. వీటిని వడకట్టడానికి నేను పాటించే వరుస ఇది: ఆడే చిత్రాలను ఆపి ఒక్కొక్కటిగా ముందుకు జరపండి. దగ్గర్లో పెద్ద నక్షత్రం ఉందేమో చూడండి. ఉంటే అనుమానించండి. చుక్క గుండ్రంగా, చుట్టుపక్కల నక్షత్రాలంత సైజులోనే ఉందా? చిత్రంలోని ఒక్క గడి (పిక్సెల్) అంత పదునుగా ఉంటే అది కెమెరా లోపం. పెద్దగా పరుచుకుని ఉంటే దయ్యపు మచ్చ. ఈ మూడూ దాటి నిలిచినదాన్నే గుర్తించండి.

చిత్రాన్ని నాలుగు భాగాలుగా ఊహించుకుని ఒక్కోసారి ఒక్కో భాగాన్నే చూడండి. మొత్తం చిత్రాన్ని ఒకేసారి చూడబోతే కన్ను పెద్ద మచ్చల వెంట పోతుంది. కన్ను అలసిపోతే లేచి వెళ్లిపోండి. అలసిన కంటికి ప్రతి మచ్చా కదిలినట్లే ఉంటుంది.

ప్రాజెక్టు మొదలైన వారం లోపే టాస్మానియాలోని ఒక సైన్స్ ఉపాధ్యాయుడు గుర్తుపెట్టిన చుక్క, వంద కాంతి సంవత్సరాలకు పైగా దూరంలోని కొత్త బ్రౌన్ డ్వార్ఫ్ అని తేలింది. 2020లో ఒకే పత్రంలో అలాంటివి 95 ప్రకటించారు. వాటిని చూసిన స్వచ్ఛంద కార్యకర్తల పేర్లు శాస్త్రవేత్తల పేర్ల పక్కనే అచ్చయ్యాయి. గ్రహం దొరకలేదు. దాని కోసం వెతుకుతుంటే సూర్యుడి ఇరుగుపొరుగున ఇంతకాలం ఎవరూ చూడని వస్తువులు బయటపడుతూ వచ్చాయి. నాకు ఈ పని మీద ఇంత మమకారం కలగడానికి అది పెద్ద కారణం.

ఐదో పని: అనుమానాన్ని తనిఖీ చేయడం

చుక్క కదిలినట్లనిపిస్తే చిత్రం దగ్గరున్న సమాచారం గుర్తు నొక్కి నిర్దేశాంకాలు రాసుకోండి. వాటిని వైజ్‌వ్యూలో వేసి పూర్తి కాలం ఆడించి చూడండి. తర్వాత ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నుంచి నడిచే ‘సింబాడ్’ అనే ఉచిత నక్షత్ర సమాచార నిధిలో అదే చోటు వెతకండి. వేగంగా కదిలే నక్షత్రం అక్కడ ముందే నమోదై ఉంటే మీ వెతుకులాట అక్కడితో ముగుస్తుంది. గయా ఉపగ్రహం పట్టికలోనూ చూడండి. నక్షత్రాల సొంత కదలికలు అందులో ఎంతో సూక్ష్మంగా ఉంటాయి.

నక్షత్రాల కదలిక కొలవాలంటే పాత కొలతలు కావాలి. అందులో మన హైదరాబాదుకూ వాటా ఉంది. అంతర్జాతీయ ఆకాశపట పథకంలో నిజామియా అబ్జర్వేటరీ దక్షిణ ఆకాశంలో 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీని ఫొటో పలకల మీద నమోదు చేసింది. ఆ పథకపు కొలతలను దశాబ్దాల తర్వాత హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలతో పోల్చి 25 లక్షల నక్షత్రాల కదలికలు లెక్కగట్టారు. ఒక కాలంలో ఎవరో ఓపికగా కొలిచి ఉంచినది వందేళ్ల తర్వాత ఇంకెవరికో పనికొస్తుంది.

ఎక్కడా నమోదు లేకపోతే ప్రాజెక్టు చర్చా విభాగంలో నిర్దేశాంకాలతో సహా రాసి, కొత్త వస్తువుల కోసం ఉన్న దరఖాస్తు నింపండి. ‘గ్రహం దొరికింది’ అని రాయకండి. ఏ చిత్రంలో, ఎక్కడ, ఏ రంగులో, ఎటు కదిలిందో అంతే రాయండి. సామాజిక మాధ్యమాల్లో ముందే ప్రకటించకండి. నిబిరు అనే కల్పిత గ్రహం వచ్చి భూమిని ఢీకొడుతుందన్న పుకారు 2012లో పిల్లలను ఎంత భయపెట్టిందో గుర్తుంచుకోండి. ఇంకో జాగ్రత్త: డబ్బు కడితే నక్షత్రానికో గ్రహానికో మీ పేరు పెడతామనేవాళ్లను నమ్మకండి. ఖగోళ వస్తువుల పేర్లను గుర్తించే అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య పేర్లు అమ్మదు.

చూసినదాన్ని కొట్టేయకండి

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, నిర్దేశాంకాలు, ఏం చూశారు, తనిఖీలో ఏం తేలింది. పొంతన కుదరనివి కూడా రాయండి, ముఖ్యంగా అవే రాయండి. 1795 మే నెలలో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్త లలాండ్ బృందం ఒక నక్షత్రం స్థానాన్ని 8వ తేదీన, మళ్లీ 10వ తేదీన కొలిచింది. రెండూ కలవలేదు. మొదటి కొలతలో పొరపాటు జరిగిందనుకుని దాన్ని పక్కన పెట్టేశారు. వాళ్లు చూసినది నెప్ట్యూన్. ఆ తేడాను నమ్మి మూడో రాత్రి మళ్లీ చూసి ఉంటే నెప్ట్యూన్ యాభై ఏళ్ల ముందే దొరికేది. ఫ్రెంచి గణితవేత్త లెవెరియే లెక్క చూపిన చోటికి ఒక డిగ్రీ లోపే, 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో ఖగోళ శాస్త్రవేత్త గాలె దాన్ని కనుగొన్నాడు. అతని పక్కన డారెస్ట్ అనే విద్యార్థి నక్షత్రపటం పట్టుకుని ఒక్కో చుక్కనూ సరిచూస్తూ కూర్చున్నాడు. పటంలో లేని చుక్క అని పలికింది అతనే.

బడిలో చేయాలంటే

మీరు ఉపాధ్యాయులైతే పిల్లలతో ‘ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ సెర్చ్ కొలాబరేషన్’ వారి గ్రహశకలాల వెతుకులాటలో చేరండి. హవాయిలోని పాన్-స్టార్స్ టెలిస్కోపు చిత్రాలు ఉచితంగా పంపుతారు. మన దేశం నుంచి ఎన్నో బడులు ఇందులో పాల్గొంటున్నాయి. ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్ కావాలి, అది విండోస్ కంప్యూటర్లలో నడుస్తుంది. ఒకే చోటును కొద్ది నిమిషాల తేడాతో తీసిన నాలుగు చిత్రాల్లో సరళరేఖలో కదిలే చుక్కను పిల్లలు పట్టుకోవాలి. ఇక్కడ దొరికేవి గంటకు 30 ఆర్క్‌సెకన్ల రకం, అంటే దగ్గరివి. అయినా కదలికను చూసి దూరాన్ని ఊహించడం పిల్లలకు ఇంతకన్నా బాగా నేర్పే పాఠం నాకు తెలియదు. కొత్త శకలానికి శాశ్వత సంఖ్య రావడానికి ఏళ్లు పడుతుందని పిల్లలకు మొదటిరోజే చెప్పండి.

చిలీలోని సెర్రో పచోన్ కొండ మీద వెరా రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది. 8.4 మీటర్ల అద్దం, 3200 మెగాపిక్సెళ్ల కెమెరాతో పదేళ్ల పాటు దక్షిణ ఆకాశాన్ని కొద్ది రాత్రులకోసారి తిరిగి తిరిగి చూడటం దాని పని. నెప్ట్యూన్‌కు అవతల ఇప్పటిదాకా తెలిసిన శకలాలు కొన్ని వేలే. అది పదుల వేలు కనుగొంటుందని అంచనా. ఆ అబ్జర్వేటరీ ప్రజల కోసం పెట్టే ప్రాజెక్టులకు కూడా జూనివర్సే వేదిక. ఇప్పుడు తెరిచిన ఖాతా అక్కడా పనిచేస్తుంది.